బయోమెడికల్ వేస్ట్ సర్వీస్ రివ్యూ: ప్లాంట్‌కు నాలుగు స్టార్లు, బండికి రెండున్నర

మా నర్సింగ్ హోమ్ నుంచి బయోమెడికల్ వేస్ట్, అంటే రక్తం దూది, సూదులు, ట్యూబుల లాంటి ఆస్పత్రి చెత్త, తీసుకెళ్లే సర్వీసు గురించి ఈ రివ్యూ. నెలనెలా బిల్లు మీద సంతకం పెట్టేది, పొల్యూషన్ బోర్డు వాళ్లు వస్తే రిజిస్టర్లు ముందు పెట్టుకుని నిలబడేది నేనే, కాబట్టి ఈ విషయంలో మా డాక్టర్ల కన్నా నాకే కొంచెం ఎక్కువ తెలుసు. మాది కోస్తాలో ఒక మాదిరి పట్టణం, పడకలు ముప్పైకి కాస్త పైన, ఎక్కువగా కాన్పులు, ఎముకల కేసులు, చిన్నాచితకా ఆపరేషన్లు. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా మీకు ఒరిగేదేమీ లేదు, ఇదేమీ హోటల్ కాదు కదా, టిఫిన్ బాగోలేదని పక్క వీధికి వెళ్లిపోవడానికి. మార్కులు ముందే చెప్పేస్తా: చెత్తను శుద్ధి చేసే ప్లాంట్‌కు ఐదుకు నాలుగు, దాన్ని తీసుకెళ్లే బండికి రెండున్నర, బిల్లింగ్‌కు ఒకటి, ఆ ఒకటి కూడా బిల్లు మాత్రం ఒకటో తారీఖుకే ఠంచనుగా వస్తుంది కాబట్టి.

వేరే కంపెనీకి ఎందుకు మారలేమో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదంతా ఉత్త సణుగుడులా ఉంటుంది. 2016లో వచ్చిన బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం 75 కిలోమీటర్ల లోపల ఉమ్మడి ట్రీట్‌మెంట్ ప్లాంట్ ఉంటే ఆస్పత్రి తన ఆవరణలో సొంతంగా కాల్చుకోవడం, పూడ్చుకోవడం కుదరదు, ఆ ప్లాంట్‌కే ఇవ్వాలి. చుట్టుపక్కల అన్ని ఆస్పత్రులూ కలిపి పదివేల పడకలు కూడా లేకపోతే అదే ప్లాంట్ 150 కిలోమీటర్ల దాకా తిరగొచ్చు. ఏ ప్లాంట్ ఏ ఏరియా చూసుకోవాలో బోర్డే పంచుతుంది. ఇలా పంచడంలో న్యాయం లేకపోలేదు, ఊరికొక ఇన్సినరేటర్, అంటే చెత్త కాల్చే కొలిమి, పెడితే ఊరికొక పొగ గొట్టం లేస్తుంది, ఒక్కటీ సరిగ్గా నడవదు. కానీ పోటీ లేని చోట సర్వీసు ఎలా ఉంటుందో మనకు చిన్నప్పటి ల్యాండ్‌లైన్ రోజుల నుంచీ తెలిసిందే. కాబట్టి కంపెనీని మార్చడం మన చేతిలో లేదు, ఉన్న కంపెనీ చేత పని ఎలా చేయించుకోవాలన్నదే అసలు సంగతి.

డబ్బు దగ్గర మొదలుపెడదాం. లెక్క కిలోల మీద కాదు, పడకల మీద. బెడ్‌కు రోజుకు ఇంత, దాని మీద జీఎస్టీ. వార్డు సగం ఖాళీగా ఉన్నా బోర్డు ఇచ్చిన ఆథరైజేషన్‌లో ఎన్ని పడకలుంటే అన్నిటికీ కట్టాలి. ఈ పద్ధతి వెనక ఒక ఆలోచన ఉంది, ఒప్పుకుంటా: కిలో లెక్కన తీసుకుంటే ఆస్పత్రులు బరువు తగ్గించడానికి రక్తం దూదిని కూడా మునిసిపాలిటీ బండిలో వేసేస్తాయి. నిజమే. కానీ పడకల లెక్కకు ఇంకో వైపు ఉంది. బండి వచ్చినా రాకపోయినా వాళ్లకు అదే డబ్బు, మేం ఎంత ఎక్కువ ఇస్తే వాళ్లకు అంత డీజిల్ ఖర్చు. అంటే రాకపోవడమే వాళ్లకు లాభం. ఈ సర్వీసులో మీకు కనిపించే ప్రతి లోపం వెనకా చివరికి ఈ లెక్కే తేలుతుంది, నేను చూసినంతలో.

కవర్లు, డబ్బాలు, బార్‌కోడ్ స్టిక్కర్లు వాళ్ల దగ్గరే కొంటాం, బయట కూడా కొనొచ్చు గానీ స్టిక్కర్ మాత్రం వాళ్లదే కావాలి. రక్తం దూది, ఆపరేషన్‌లో తీసిన భాగాలు వేసే పసుపు కవర్లు బాగానే ఉంటాయి. ట్యూబులు, సిరంజీల లాంటి ప్లాస్టిక్ వేసే ఎర్ర కవర్లే ఒక లాట్ బాగుంటే ఇంకో లాట్ పల్చగా, ముడి వేసేటప్పుడే చిరుగుతాయి, ఇక అందులో యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయకుండా పడేశారంటే మెట్ల మీద ఆనవాళ్లు పడుతూ పోతాయి. అందుకే ముప్పాతిక నిండగానే కట్టేయమని మా ఆయాలకు నేర్పించాం, అసలు సీపీసీబీ, అంటే కేంద్ర పొల్యూషన్ బోర్డు, చెప్పేది కూడా అదే. సూదుల కోసం ఇచ్చే తెల్ల డబ్బా గట్టిది, మూత ఒకసారి నొక్కితే మళ్లీ రాదు, దానికి పూర్తి మార్కులు. నీలం డబ్బా దగ్గర మాత్రం విసుగొస్తుంది. ఇంజెక్షన్ సీసాలు, పగిలిన ఆంప్యూల్స్ వేసే డబ్బా అది, మొదట్లో నీలం గుర్తున్న అట్టపెట్టె చాలన్నారు, 2018 సవరణ నుంచి గుచ్చుకోని, కారని డబ్బాయే ఉండాలి. వీళ్లు ఇప్పటికీ స్టాక్ లేదని నెలల తరబడి తిప్పుతారు. ఇన్‌స్పెక్షన్‌లో అట్టపెట్టె కనబడితే నోటీసు మాకు, వాళ్లకు కాదు.

ఇక బండి. వచ్చే కుర్రాడి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ సర్వీసులో నాకు బాగా నచ్చింది అతనే. ఒకసారి రెండో అంతస్తు నుంచి దించిన ఎర్ర కవర్‌ను ముడి పట్టుకుని లేపాడు, చెవి దగ్గరగా పెట్టి కొంచెం కదిపాడు, మళ్లీ నేల మీద పెట్టేశాడు. "అక్కా, ఇందులో సూదులున్నాయి, నేను ఎత్తను" అన్నాడు మా సిస్టర్‌తో. ఆమె లేవంటే లేవంది. తెరిచి చూస్తే ఐవీ సెట్ల మధ్య క్యాప్ లేని సూదులతో సహా సిరంజీలు. సూది ప్లాస్టిక్‌కు తగిలితే వచ్చే సన్నటి చప్పుడు అతనికి అలవాటైపోయింది. అలా కవర్ వెనక్కి ఇచ్చే హక్కు వాళ్లకు ఉంది, వాడుకోవాలి కూడా, ఆ తర్వాత నుంచి మా వార్డుల్లో ప్రతి ట్రాలీ మీదా సిరంజీ నుంచి సూదిని కోసే హబ్ కట్టర్ కనబడుతోంది. కానీ అదే కుర్రాడి చేతికి ఆ రోజు ఉన్నవి మామూలు పల్చటి పరీక్ష గ్లవ్స్, బొటనవేలు దగ్గర చిరిగి చర్మం కనిపిస్తోంది. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లవ్స్, బూట్లు ఇవ్వడం కంపెనీ పని. హెపటైటిస్ బి టీకా వేశారా అని అడిగితే, "ఒక డోసు వేశారు సార్, మిగతావి వేస్తామన్నారు" అన్నాడు. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్ష రూల్స్‌లోనే ఉన్నాయి, మాకూ వర్తిస్తాయి, వాళ్లకూ వర్తిస్తాయి. ప్రాణం మీదకు వచ్చే పని అతనిది, అతనికి పడేది ఒక డోసు. ఈ ఒక్క విషయానికే బండికి ఒక స్టార్ కోసేశా.

తూకం దగ్గర అసలు గొడవ. పద్ధతి ప్రకారం ప్రతి కవర్ స్టిక్కర్‌నూ చెత్త ఉంచే మా స్టోర్ గది దగ్గరే స్కాన్ చేసి, కాటాకు తగిలించి, బరువు ఎక్కించాలి. జరిగేదేమిటంటే, కాటా బండిలో ఉంటుంది, దించరు, కుర్రాడు ఆస్పత్రి ముందు ట్రాఫిక్ ఆగిపోయిందన్న టెన్షన్‌లో కవర్లన్నీ ఎక్కించేసి కంటితోనే అంచనా వేసి రాసేస్తాడు. మా పాత స్లిప్పులు చూస్తే పసుపు 5, ఎరుపు 3, పసుపు 5, ఎరుపు 3, సిజేరియన్లు వరసగా జరిగిన రోజూ అంతే, ఓపీ తప్ప ఏమీ లేని ఆదివారం తర్వాతా అంతే. మనుషులు ఉన్న ఏ ఆస్పత్రిలోనూ చెత్త ఇంత క్రమశిక్షణగా పుట్టదు.

ఏం, రెండు కిలోలు అటూ ఇటూ అయితే ఏమవుతుంది అంటారా? ఎర్ర కవర్‌లో ఉన్నది డబ్బు. సెలైన్ సీసాలు, సిరంజీల గొట్టాలు, ట్యూబులు అన్నీ మంచి ప్లాస్టిక్, పాత సామాన్ల కొట్టులో తూకానికి పోతాయి. పసుపు కవర్ జోలికి ఎవరూ రారు, ఎర్ర కవర్‌కు మాత్రం లోపలా బయటా గిరాకీ ఉంటుంది. మా గదికీ ప్లాంట్‌కీ మధ్య ఎక్కడ తగ్గినా కనిపెట్టేది ఆ బరువే. 2009లో గుజరాత్‌లోని అప్పటి సాబర్‌కాంఠా జిల్లా మొడాసాలో హెపటైటిస్ బి వచ్చి పదుల మంది చనిపోయారు, వాడేసిన సిరంజీలు మళ్లీ వాడటం, ఆస్పత్రి చెత్త దొంగచాటుగా చేతులు మారడం అప్పుడే బయటపడ్డాయి. అందుకే మేమే ఒక డిజిటల్ కాటా కొని స్టోర్ గది తలుపు పక్కనే పెట్టాం, ఆయా బరువు చూసి కవర్ మీద మార్కర్‌తో రాస్తుంది, స్లిప్‌లో అదే అంకె పడాలి. మొదట్లో కుర్రాడు నసిగాడు, ఇప్పుడు అతనికే సుఖం, చూసి రాసుకోవడమే. సెలైన్ సీసాలు కూడా మా దగ్గరే కోసి వేస్తాం, కోసిన సీసా మళ్లీ నింపడానికి ఎవడికీ పనికి రాదు.

48 గంటల రూలు సంగతి. రక్తం దూది, ఆపరేషన్‌లో తీసిన భాగాలు, కాన్పులో బిడ్డ తర్వాత వచ్చే మాయ, ఇలాంటివి శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. మామూలు రోజుల్లో బండి రోజు మార్చి రోజు వస్తుంది, ఇబ్బంది లేదు. శనివారం తీసుకెళ్లి సోమవారం సాయంత్రం వచ్చినప్పుడే గడువు దాటుతుంది, ఇక సంక్రాంతి మూడు రోజులూ బండి ఊసే ఉండదు. పండగని కాన్పులు ఆగవు కదా, పైగా భోగి ముందు మంచి ముహూర్తం చూసుకుని సిజేరియన్‌కు వచ్చేవాళ్లు మా దగ్గర ఎక్కువ. పోయినసారి మాయ కవర్లకు విడిగా ఒక డీప్ ఫ్రీజర్ కేటాయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు మాది, ఆ మూడు రోజుల బెడ్ చార్జీలు కూడా మావే. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "రూట్‌లో ఉంది సార్" అన్నారు. బండికి జీపీఎస్ ఉండాలని రూలు, ఆ జీపీఎస్ మాకు చూపిస్తే ఏ రూట్‌లో ఉందో మేమే చూసుకుంటాం కదా.

మాయ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కొన్ని కుటుంబాలు మాయను ఇంటికి తీసుకెళ్లి పూడ్చుకుంటామని అడుగుతాయి, పెద్దవాళ్ల ఆచారం, వాళ్లను తప్పుపట్టలేం. ఇవ్వకూడదు, అది పసుపు కవర్‌లోనే పోవాలి. దీని మీద కంపెనీ వాళ్లు తెలుగులో ఒక కాగితం అచ్చేసి ఇస్తే మా సిస్టర్లకు సగం వాదనలు తప్పుతాయి. ఇచ్చే పోస్టర్లన్నీ ఇంగ్లిష్‌లోనే, చదవాల్సిన ఆయాలకు మాత్రం అర్థం కావు. మేమే నాలుగు రంగుల చార్టు తెలుగులో రాయించి బొమ్మలు అతికించాం.

ఇంత తిట్టాక ప్లాంట్‌కు నాలుగు ఎందుకు ఇచ్చానంటే, వెళ్లి చూశా కాబట్టి. సర్టిఫికెట్ నమ్మి ఊరుకోకండి, మీ కస్టమర్ హక్కుగా ఒకసారి చూపించమని అడగండి, మా కంపెనీ వాళ్లు నసగకుండా చూపించారు. ఊరికి దూరంగా రేకుల షెడ్లు, గేటు దగ్గరే మళ్లీ స్కానింగ్, ఇక్కడ మాత్రం నేల కాటా మీద నిజంగానే తూస్తారు. ఎర్ర కవర్లు ఆటోక్లేవ్‌లోకి, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే మెషీన్‌లోకి, పోతాయి. 121 డిగ్రీల వేడి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి, వాక్యూమ్ లేని మెషీన్ అయితే గంట సేపు, వాక్యూమ్ ఉంటే 45 నిమిషాలు. ప్రతి బ్యాచ్‌కూ వేడి, ఒత్తిడి గీత గీసిన కాగితం బయటికొస్తుంది, అడిగితే పాత ఫైళ్లు కూడా తీసి చూపించారు. చచ్చినా చావని ఒక రకం బ్యాక్టీరియా, జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్, దాని బీజాలున్న చిన్న స్ట్రిప్ లోపల పెట్టి అది కూడా చచ్చిందో లేదో వారానికోసారి చూస్తారు. ఉడికిన ప్లాస్టిక్ ష్రెడ్డర్‌లోంచి రంగురంగుల ముక్కలై బయటికొస్తుంది. చేతిలోకి తీసుకోమన్నారు, తీసుకున్నా, ఇంకా వెచ్చగా ఉంది, సిరంజీ మీద ఉండే 2, 3 అంకెలు కొన్ని ముక్కల మీద అలాగే కనిపిస్తున్నాయి. ఇది లైసెన్సున్న రీసైక్లర్‌కు పోతుంది.

పసుపు కవర్లు ఇన్సినరేటర్‌కు. దానికి రెండు గదులు, మొదటిదాంట్లో 800 డిగ్రీల దగ్గర చెత్త కాలుతుంది, ఆ పొగ రెండోదాంట్లోకి పోయి 1050 డిగ్రీల దగ్గర కనీసం రెండు సెకన్లు ఉండాలి, ఆ తర్వాతే గొట్టంలోకి, గొట్టం ఎత్తు కనీసం 30 మీటర్లు. గది బయట బోర్డు మీద అంకెలు ఎర్రగా వెలుగుతుంటాయి, అవి ఆన్‌లైన్‌లో పొల్యూషన్ బోర్డుకూ పోతాయి. నేను నిలబడ్డంత సేపూ రెండో గది 1040కి కిందికి దిగలేదు. అక్కడి ఆపరేటర్ చెప్పిన ఒక మాట మా స్టాఫ్ అందరికీ చెప్పా: మాకు బాగా తలనొప్పి తెచ్చేది ఎముకలూ కాదు, రక్తమూ కాదు, పసుపు కవర్‌లో వచ్చే పీవీసీ ప్లాస్టిక్ అన్నాడు. సెలైన్ ట్యూబులు, యూరిన్ బ్యాగులు పొరపాటున పసుపులో పడితే అందులోని క్లోరిన్ కాలి డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషపదార్థాలు పుడతాయి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు, గ్లవ్స్ 2019 మార్చి నుంచి వాడకూడదన్నది ఇందుకే. అంటే మా వార్డులో ఒక ఆయా ట్యూబును ఏ కవర్‌లో వేసిందన్న దాన్ని బట్టి ఆ గొట్టంలోంచి వచ్చే గాలి ఉంటుంది, ఆ గాలి పీల్చేది ప్లాంట్ పక్క ఊరివాళ్లు. కాలిన బూడిదను కూడా పారబోయరు, అది ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కు, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నలాంటి దానికి, పోవాలి. మరి నాలుగే ఎందుకంటే, కవర్లు దించేచోట నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, దించే ఇద్దరిలో ఒకరికి మాస్కు లేదు.

కాగితాల పని సంగతి టూకీగా. ఏటా జూన్ 30 లోపు ఫారం 4 అనే వార్షిక రిపోర్టు బోర్డుకు పంపాలి, అందులో రంగుల వారీగా కిలోలు రాయాలి. వాళ్ల పోర్టల్ ఇచ్చే మొత్తానికీ మా స్లిప్పుల మొత్తానికీ ఏడాది మొదట్లో పొంతన ఉండేది కాదు, కాటా పెట్టాక కుదిరింది. రికార్డులు ఐదేళ్లు దాచాలి, కాబట్టి థర్మల్ స్లిప్పులు వద్దు, అక్షరాలు ఆరు నెలల్లో మాసిపోతాయి, జిరాక్స్ తీసి పెట్టుకోండి. రూల్స్ తప్పితే సీపీసీబీ లెక్క ప్రకారం ఆస్పత్రికి పడే పర్యావరణ పరిహారం రోజుకు కనీసం 1,200 రూపాయలు, ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లకూ. నెల బిల్లు గీచి గీచి తగ్గించుకోవాలని చూసే మేనేజ్‌మెంట్లకు ఈ అంకె ఒక్కటి చెబితే చాలు.

కోవిడ్ రోజుల్లో వీళ్లు ఒక్క రోజు కూడా ఆపలేదని ఒప్పుకోవాలి. మునిసిపాలిటీ బండ్లు కూడా భయపడ్డ సమయంలో రెండేసి పసుపు కవర్లలో కట్టిన పీపీఈ కిట్లు రోజూ తీసుకెళ్లారు. అప్పుడు చేయగలిగినవాళ్లు పండగకు ఎందుకు చేయలేరన్నదే నా గొడవ.

ఈసారి అగ్రిమెంట్ రెన్యువల్‌లో కొన్ని మాటలు రాయించా. బరువు మా కాటా మీదే, స్కానింగ్ మా స్టోర్ గది దగ్గరే, 48 గంటలు దాటితే ఆ రోజుల చార్జీ కోత, వచ్చే కుర్రాళ్లకు టీకా కార్డు కాపీ మా ఫైల్లో. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు, టీకా కార్డుకు కాస్త ఆలోచించి ఒప్పుకున్నారు, చార్జీ కోత దగ్గర మాత్రం మార్కెటింగ్ ఆయన నవ్వి "అలా ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. చివరికి కోత లేదు గానీ రాని రోజుకు మరుసటి రోజు తప్పకుండా పంపుతామని రాశారు. పట్టణంలో నాలుగైదు నర్సింగ్ హోమ్‌లు కలిసి అడిగి ఉంటే అది కూడా పడేది, డాక్టర్ల సంఘం ఐఎంఏ మీటింగ్‌లో ఈ విషయం ఎవరైనా లేవదీస్తే బాగుండు.

డెంటల్ క్లినిక్‌లు, ల్యాబులు నడిపేవాళ్లకు ఒక మాట. పడకలు లేకపోతే ఆథరైజేషన్ ఒక్కసారి తీసుకుంటే చాలు, కానీ దాంతో పని అయిపోదు. నెలకు ఇంత అని కట్టి, అగ్రిమెంట్ కాగితం ఫ్రేమ్ కట్టించి, బండి నెలల తరబడి రాకపోయినా అడగని క్లినిక్‌లు మా వీధిలోనే ఉన్నాయి, వాళ్ల సూదులు ఎటు పోతున్నాయో ఊహించడం కష్టమేమీ కాదు. రోజూ బండి రానక్కర్లేదు, కానీ ఏయే రోజుల్లో వస్తుందో అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ల్యాబులైతే కల్చర్ ప్లేట్లు, రక్తం శాంపిళ్లు ముందు మీ దగ్గరే ఆటోక్లేవ్ చేసి ఇవ్వాలి, అలా చేయకుండా ఇస్తే కుర్రాడు తీసుకోకపోవడమే కరెక్ట్. వాడిన సూదులు మాత్రం కోక్ సీసాలో వేసి ఇవ్వకండి, తెల్ల డబ్బా ఖరీదు మీరు చేసే ఒక్క రూట్ కెనాల్‌లో పదో వంతు కూడా ఉండదు.